బొప్పాయి బాబు, మా ఇంటి కప్పు

మా మామ్మకి లోకంలో ముగ్గురంటే ముగ్గురు మగాళ్ళ మీద గౌరవం. ఒకరు ఎస్వీ రంగారావు. రెండో ఆయన మా వీధి చివర కలాసీ బాబాయి. మూడోవాడు బొప్పాయి బాబు.

మొదటి ఇద్దరి గురించి వాదన అక్కర్లేదు. మూడోవాడు ఎవరో మాత్రం మా సందు దాటితే ఎవరికీ అర్థం కాదు. నోట్లో గొట్టం, ఒక కన్ను మూత, భుజాలు చూస్తే పుల్లలు, మోచేతి కిందికి వచ్చేసరికి సొరకాయలు, ఆ సొరకాయ మీద లంగరు పచ్చబొట్టు. లోకమంతా వాణ్ణి పొపాయి అంటుంది. ఆ మాట మామ్మ నోట్లో పడగానే బొప్పాయి అయిపోయింది. "పేరు బొప్పాయి, తినేది పాలకూర. ఇదేటి ఇడ్డూరంరా గుంటడా!" అని ఆవిడ అనుమానం. ఆ అనుమానం నాకు ఇప్పటికీ తీరలేదు.

మామ్మని తప్పు పట్టడానికి లేదు. ఓడ మీంచి ఏది దిగినా ముందు దాని పేరు మార్చి, తర్వాతే ఇంట్లోకి రానివ్వడం రేవు ఊళ్ళ అలవాటు. పోర్చుగీసువాళ్ళ మాటల్ని మేస్త్రీ, అలమర, తువాలు, బొత్తాం అని మార్చుకుని, అవి మన తాతలనాటివే అన్నట్టు వాడుకోవట్లేదూ! ఆ మాటకొస్తే బొప్పాయి కూడా అమెరికా ఖండంలో పుట్టి, ఓడెక్కి వచ్చిన పండే. అమెరికా నుంచి వచ్చిన పండుకి ఏ పేరు పెట్టుకున్నామో, అమెరికా నుంచి వచ్చిన నావికుడికీ మామ్మ అదే పేరు పెట్టింది. లెక్క సరిపోయింది.

ఇంకో లెక్క కూడా ఉంది. పొపాయి కాగితం మీద పుట్టింది 1929లో, సీగర్ అనే ఆయన గీసిన పత్రికా బొమ్మల్లో. ఫ్లైషర్ సోదరుల చేతుల్లో పడి వెండితెర మీద కదిలింది 1933 జులైలో. అదే ఏడాది అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మా విశాఖపట్నం హార్బరులోకి మొదటిసారి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ దొర వచ్చి లాంఛనంగా ప్రారంభోత్సవం చేశాడు. అంటే వెండితెర లెక్కన మా హార్బరు కంటే బొప్పాయి బాబు మూడు నెలలు పెద్ద. వరసకి అన్న అవుతాడు.

మా ఇల్లు కురుపాం మార్కెట్‌కీ పాత పోస్టాఫీసుకీ మధ్య ఒక సందులో ఉండేది. బెంగుళూరు పెంకుల ఇల్లు, ముందు అరుగు, లోపల తలుపులున్న చెక్కపెట్టెలో టీవీ. నాన్న ఓడ సరుకులు విడిపించే ఆఫీసులో గుమస్తా. అమ్మ, మామ్మ, అప్ప, నేను. మా వైపు అక్కని అప్ప అంటాం. సాయంత్రమైతే వీధిలో సగం జనం మా అరుగు మీదే ఉండేవారు. టీవీ మాది, అరుగు అందరిదీ.

1990లో నా ఎనిమిదో పుట్టినరోజుకి నాన్న ఒక గొప్ప పని చేశారు. ఒక రాత్రికి వీసీపీ అద్దెకి తెచ్చారు. సైకిలు కేరియర్ మీద తువాల్లో చుట్టి, పసిపిల్లని ఆస్పత్రి నుంచి తెచ్చినట్టు తీసుకొచ్చాడు కుర్రాడు. దాంతోపాటు రెండు కేసెట్లు. పెద్దవాళ్ళకి ఒక ఏడుపు సినిమా, పిల్లలకి కార్టూన్లు. ముందు పెద్దవాళ్ళది. ఆడవాళ్ళంతా కొంగులు సిద్ధం చేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. కేసెట్ పెట్టారు. డబ్బాలు తారుమారయ్యాయి. తెర మీద గొట్టం నోట్లో పెట్టుకుని బొప్పాయి బాబు ప్రత్యక్షమయ్యాడు.

డబ్బు కట్టేశాక లేచిపోవడం మా వీధిలో లేదు. అందరూ చూశారు. పది నిమిషాలకల్లా మామ్మ కథలో దిగిపోయింది. పొపాయి, గడ్డపు బ్లూటో కలిసి ఆలివ్ అనే అమ్మాయి కోసం కొట్టుకుంటుంటే ఆవిడకి ఎక్కడలేని చిరాకొచ్చింది. "ఆ పిల్ల సూడు, కర్రపుల్లలా ఉంది. దానికోసం ఈళ్ళిద్దరూ తన్నుకుంటన్నారేటి? ముందు ఆ పిల్లకి పెట్టండర్రా పాలకూర!" ఇంతకాలంలో నేను చదివిన ఏ సినిమా సమీక్షలోనూ ఇంత న్యాయమైన మాట లేదు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన కలాసీ బాబాయి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయనది హార్బరులో బస్తాలు మోసే పని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి తన చెయ్యి ఒకసారి చూసుకుని తీర్పు చెప్పాడు. "ఈడు మావోడే. ఆ సెయ్యి సూడు. హుక్కు పట్టిన సెయ్యది." మేమంతా టీవీ వైపొకసారి, బాబాయి వైపొకసారి చూశాం. అనుమానం లేదు. భుజం మామూలుగా ఉంది, మోచేతి కింద సొరకాయ. కావలసిందల్లా ఒక లంగరు పచ్చబొట్టు.

ఆ రాత్రి వల్ల లాభపడింది అమ్మ ఒక్కతే. మర్నాటి నుంచి ఇంట్లో పాలకూర పప్పు, పాలకూర పచ్చడి, పాలకూర పకోడీ. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ఊరు ఊరంతా రోడ్డెక్కిందట. నేను ఉక్కు కండల కోసం ఒక్కణ్ణే పీట ఎక్కాను. పదకొండు రోజులు మూడు పూటలా తిన్నాను. పన్నెండో రోజు, అంతకుముందు నా గోళీలన్నీ లాక్కున్న బండోడి మీద యుద్ధం ప్రకటించాను.

పొపాయి పద్ధతి ప్రకారం పాలకూర డబ్బాలో ఉండాలి. డబ్బా పిసికితే కూర ఎగిరి నోట్లో పడాలి. మాకు డబ్బాల్లో కూర ఎక్కడిది? ఖాళీ పాలపొడి డబ్బాలో పొద్దుటి పాలకూర పప్పు పోసుకుని, కురుపాం మార్కెట్ వెనక బండోడి ఎదురుగా నిలబడ్డాను. రెండు చేతులా పిసికాను. డబ్బా కదల్లేదు. పొట్టకి ఆనించి ఒత్తాను. మూత ఊడింది. పప్పు ఎగరడమైతే ఎగిరింది గానీ నోటి దాకా రాలేదు. చొక్కా దగ్గర ఆగిపోయింది. బండోడు నన్ను కొట్టలేదు. నవ్వి నవ్వి కిందపడి, కళ్ళు తుడుచుకుని, "ముందు ఇంటికెళ్ళి సొక్కా మార్సుకోరా" అన్నాడు. జాలి కొద్దీ రెండు గోళీలు కూడా తిరిగి ఇచ్చాడు. నా జీవితంలో పాలకూర వల్ల కలిగిన లాభం మొత్తం ఆ రెండు గోళీలే.

తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్ళాను. "బాబాయ్, రోజూ ఏ కూర తింటావు?"

"గంజన్నం, కానాగడతల పులుసు."

"పాలకూర?"

"ఎప్పుడైనా మీ పిన్ని పప్పులో ఏత్తే తింటాను. సేతులకోసం అడుగుతున్నావా? కూర కాదు నానా, క్వింటా బస్తా. ముప్పై ఏళ్ళు మొయ్యి, నీకూ వత్తాయి."

"పాలకూరలో ఇనుం ఉంటదంట, మేష్టారు చెప్పారు."

బాబాయి హార్బరు వైపు చెయ్యి చూపించాడు. "ఇనుమే కావాలంటే అదిగో. ఓడలకోడలు జపానోడికి పోతంది."

ఆయన చెప్పింది నిజం. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప రాయిని మోసుకురావడానికే 1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండల్ని తొలిచి రైలు దారి వేశారు. ఆ రాయి మా హార్బరులో ఓడెక్కి జపాన్ పోయేది. ఇక పొపాయి సంగతి. అసలు తను పాలకూర తినేది విటమిన్ ఏ కోసమని తొలినాళ్ళ పత్రికా బొమ్మల్లో ఒకసారి తనే చెప్పుకున్నాడు. ఇనుము సంగతి జనం తగిలించినదే. అయినా అమెరికాలో పాలకూర పండించే క్రిస్టల్ సిటీ అనే ఊరివాళ్ళు కృతజ్ఞత కొద్దీ 1937లో వాడికి విగ్రహం పెట్టారు. మా బీచ్ రోడ్డు మీద లేని విగ్రహం లేదు. 2002లో ఏకంగా కురుసురా సబ్‌మెరైన్‌నే ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. ఇన్ని పెట్టినవాళ్ళు నావికుడి విగ్రహం ఒక్కటి పెట్టలేకపోయారా అనిపిస్తుంది. పక్కన చిన్న అక్షరాలతో 'పాలకూర పప్పుతో ప్రయత్నించరాదు' అని రాస్తే చాలు.

మనం అంత ఇనుము పంపితే జపాన్‌వాళ్ళు ఊరికే ఉండలేదు. బాకీ తీర్చారు. ముందు దూరదర్శన్‌లోకి 'జెయింట్ రోబో' అనే ఇనుప మనిషిని పంపారు. అది బొమ్మ కాదు, వేషం. అయినా మా లెక్కలో అది మన రాయే, కరిగి, కాళ్ళూ చేతులూ మొలిచి తిరిగొచ్చింది. తర్వాత 1993 ప్రాంతంలో 'జంగిల్ బుక్' పంపారు. కథ రాసింది ఇంగ్లీషు కిప్లింగ్, బొమ్మలు గీసింది జపాన్‌వాళ్ళు, మాటలు హిందీ, పాట గుల్జార్‌ది, షేర్ ఖాన్ అనే పులి గొంతు నానా పటేకర్‌ది, చూసింది తెలుగువాళ్ళం. మా ఇంట్లో హిందీ వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. అప్పకి బళ్ళో చెప్పిన హిందీలో ఆవు మీద వ్యాసం దాకా వచ్చు. కాబట్టి కథలో ఆవు వచ్చే దాకా ఆగాలి.

నాకు ఆ బాధ కూడా లేదు, ఎందుకంటే జంగిల్ బుక్ నేను చూడలేదు. విన్నాను.

కారణం ఏంటెన్నా. సముద్రపు గాలికి మా ఏంటెన్నా రోజుకో దిక్కు చూసేది. ఇంట్లో తేలికైనవాణ్ణి నేనే. ఆదివారం పొద్దున్న బొమ్మ మొదలవగానే నేను నిచ్చెన ఎక్కాలి. పైన నిలబడితే ఎదురుగా మూడు కొండలు. వెంకన్న కొండ, దర్గా కొండ, మేరీమాత చర్చి ఉన్న రాస్ హిల్. కింద నుంచి నాన్న వాటినే గుర్తులుగా పెట్టుకుని అరిచేవారు. "దర్గా వైపు తిప్పు! ఎక్కువైంది, చర్చి వైపు! కొంచెం వెంకన్న వైపు! ఆఁ, వచ్చింది, వచ్చింది... పోయింది!" మూడు మతాల దేవుళ్ళకీ మొక్కినా ఒక్కోసారి బొమ్మ వచ్చేది కాదు. వచ్చినప్పుడు నేను చెయ్యి తియ్యకూడదు. తీస్తే పోతుంది. ఏంటెన్నాతోపాటు నేనూ ఒక కడ్డీని. కింద జనం నవ్వుతుంటే నేను పైనుంచి, "ఏమయింది? ఏమయింది?" అని అడిగేవాణ్ణి. అప్ప కిటికీలోంచి తల పెట్టి, "ఎలుగుబంటి పడిపోయింది!" అని చెప్పేది. అదే నాకు జంగిల్ బుక్.

ఒక ఆదివారం తట్టుకోలేకపోయాను. అరుగు మీద అందరూ ఊపిరి బిగబట్టారని నాకు పైకి తెలిసిపోయింది. నవ్వుల్లేవు, దగ్గుల్లేవు, నానా పటేకర్ గొంతు ఒక్కటే. పెంకుల సందులోంచి ఒక్క ముక్కయినా కనబడుతుందేమోనని ఒక అడుగు పక్కకి వేసి వంగాను. వాసం మీద పెట్టాల్సిన కాలు వాసానికీ వాసానికీ మధ్య పెట్టాను.

కింద నుంచి చూసినవాళ్ళ కథనం ఇలా ఉంది. షేర్ ఖాన్ గర్జించి దూకాడు. అదే క్షణంలో ఫెళ్ళుమని చప్పుడు. టీవీ మీద మట్టి, పెంకు ముక్కలు. పిల్లలంతా పులే పైకప్పు మీంచి వచ్చిందని గోల పెట్టారు. దుమ్ము తగ్గాక చూస్తే టీవీకి సరిగ్గా మూడు జానల పైన, తొడ దాకా ఒక మానవుడి కాలు వేలాడుతోంది. మామ్మ లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. ఆవిడకి ఆ క్షణంలో వామనుడి మూడో పాదం తప్ప ఇంకేమీ తోచలేదట. ఆ కాలికి అరిగిపోయిన హవాయి చెప్పు చూశాక, "ఓరి నీ బడవా!" అని చేతులు దించింది.

బాబాయి నిచ్చెన వేసుకొచ్చి, చంకల కింద చేతులు పెట్టి, ముల్లంగి పీకినట్టు నన్ను పైకి లాగాడు. మోకాలు చెక్కుకుపోయింది. నాలుగు పెంకులు పోయాయి. సాయంత్రం ఆయనే కొత్త పెంకులు పేర్చాడు. నాన్న చెయ్యి చేసుకోలేదు. కన్నంలోంచి కనబడే ఆకాశాన్ని కాసేపు చూసి, "బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారంటే గుడికి కప్పు వద్దంది. మనం మనుషులం కదరా, మనకి కావాలి" అన్నారు.

నా దుఃఖం మోకాలి గురించి కాదు. పుట్టినరోజునాటి కేసెట్‌లో చూశాను కదా, కార్టూన్‌లో ఎవడైనా గోడని గుద్దుకుని అవతలికి పోతే గోడలో అచ్చం వాడి ఆకారంలో కన్నం పడుతుంది. చెవులు, మీసాలు, పట్టుకున్న సుత్తితో సహా. నేను ఏడుపు ఆపుకుని బాబాయి పక్కన చేరి కన్నం చూశాను. ముక్కలు చెక్కలైన ఒక మామూలు కన్నం. బొగ్గుబస్తా పడ్డా అలాగే పడుతుంది. "నా ఆకారం ఏదీ?" అని అడిగాను. బాబాయి నవ్వలేదు. పెంకు చేతిలో పట్టుకుని నా వైపు ఒకసారి, కన్నం వైపు ఒకసారి చూసి పనిలో పడ్డాడు.

తర్వాత 1995లో ఇండియాకి కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది. కొంత ఆలస్యంగా కేబుల్ తీగ ఎక్కి మా సందులోకీ దిగింది. ఏంటెన్నాకి పింఛను ఇచ్చేశాం. నేను జీవితంలో మొదటిసారి కార్టూన్‌ని కింద కూర్చుని చూశాను. పగలంతా బొమ్మలు, రాత్రయ్యేసరికి అదే చానల్లో టీఎన్‌టీ వారి పాత ఇంగ్లీషు సినిమాలు. పొద్దున్న ఎలక, రాత్రి దొరసాని. మామ్మకి రెండూ ఒకటే, ఎవరు ఎవరిని తరుముతున్నారన్నదే ముఖ్యం.

టామ్ అండ్ జెర్రీకి హిందీ అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. హానా, బార్బెరా అనే ఇద్దరు 1940లో మొదలెట్టి 1958 దాకా ఎంజీఎం స్టూడియోకి 114 చిన్న సినిమాలు తీశారు. ఏడింటికి ఆస్కార్ వచ్చింది. మొదటి దాంట్లో పిల్లి పేరు టామ్ కూడా కాదు, జాస్పర్. మాటల పని అంతా స్కాట్ బ్రాడ్లీ సంగీతం చేసేసేది. పిల్లి మునివేళ్ళ మీద నడిస్తే ఫిడేలు కూడా మునివేళ్ళ మీదే నడుస్తుంది. మా అరుగు మీద మొదటిసారి తర్జుమా అవసరం లేకుండా అందరూ ఒకేసారి నవ్వింది అప్పుడే. అప్ప ఉద్యోగం పోయింది.

నవ్వాం గానీ, కథని ఎవరూ నమ్మలేదు. ఫిషింగ్ హార్బరు పక్కనున్న మా ఊరి పిల్లులు ఎలకల జోలికి వెళ్ళవు. పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు సందులోకి వస్తే, వెనకాల నాలుగు పిల్లులు బాకీ వసూలుకి వచ్చినట్టు వస్తాయి. తల ముక్క పడేస్తే తినేసి, అరుగు మీద పడుకుంటాయి. ఎలక కోసం సుత్తులూ మందుగుండూ పట్టుకుని పరిగెత్తే పిల్లిని చూసి మా సందు పిల్లులు సిగ్గుపడి ఉంటాయి. ఇక మా ఎలకలంటారా, జెర్రీ లాంటి చిన్నబాబులు మా గోదాముల్లో బతకలేరు. అక్కడున్నవి పందికొక్కులు. ఆ జంతువుని చూసి ఇంగ్లీషువాళ్ళకే మాట దొరక్క మన తెలుగు మాటనే తీసుకుని 'బాండికూట్' అని రాసుకున్నారు. బొప్పాయికి ఇది చెల్లుకి చెల్లు. మా సందులో పందికొక్కు ఎదురైతే పక్కకి తప్పుకునేది పిల్లే.

మామ్మ మాత్రం మొదటి రోజే తత్వం గ్రహించింది. "పిల్లి గెలవదు" అంది. ఎలా తెలుసన్నాం. "ఎలకంటే ఎవరనుకున్నావు? ఇనాయకుడి వాహనం. దాన్ని కొట్టేవోడు ఇంకా పుట్టలేదు." పిల్లి ముక్కలై రాలిపోయి, మరుక్షణం అతుక్కుని లేస్తే ఆవిడకి ఆశ్చర్యమే లేదు. "జరాసంధుడి టైపు." తెర మీద ఇంటావిడ మొహం చూపించకుండా ఎప్పుడూ కాళ్ళు మాత్రమే చూపిస్తారు కదా, ఆ కాళ్ళు మొదటిసారి కనబడ్డప్పుడు మామ్మ నా వైపు తిరిగి, "ఈవిడ కూడా పెంకుల్లోంచి దిగిందేట్రా?" అంది. అరుగంతా గొల్లుమంది. రెండేళ్ళయినా ఆ కాలు నన్ను వదల్లేదు.

మా నాన్నకి నచ్చింది వేరే. 1949లో చక్ జోన్స్ మొదలెట్టిన రోడ్ రన్నర్ బొమ్మలు. ఎడారిలో నక్క లాంటి కొయోటీ ఒకటి, పక్షిని పట్టుకోవడానికి ఆక్మీ అనే కంపెనీ నుంచి పెట్టెలు పెట్టెలు సామాను తెప్పిస్తుంది. రాకెట్లు, స్ప్రింగులు, అయస్కాంతాలు. ఒక్కటీ పనిచెయ్యదు. ప్రతిసారీ కొండ మీంచి పడుతుంది. మేం నవ్వుతుంటే నాన్న మొహం సీరియస్‌గా ఉండేది. "ముప్పై ఏళ్ళుగా ఈ లైన్లో ఉన్నాను. ఇంత డేమేజీ సరుకు అందుకుని ఒక్క క్లెయిమైనా వెయ్యని పార్టీని చూళ్ళేదు" అనేవారు. ఆ కొయోటీ గాల్లో నడుస్తూ ఉన్నంతసేపూ పడదు, కిందికి చూస్తేనే పడుతుంది. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేనూ వంగి చూశాకే పడ్డాను.

ఒకసారి ఏదో పత్రికలో చదివి మామ్మకి చెప్పాను. సెకనుకి 24 బొమ్మలు తిరుగుతాయట. ఏడు నిమిషాల సినిమాకి పది వేల పైచిలుకు. ఒక్కో బొమ్మని రెండు సార్లు వాడుకున్నా అయిదు వేలు చేత్తో గియ్యాలి, పారదర్శకంగా ఉండే రేకుల మీద రంగులు వెయ్యాలి, వెనక సీను పెట్టి ఒక్కొక్కటే ఫొటో తియ్యాలి. మామ్మకి ఇదేమీ వింతనిపించలేదు. ఆవిడ పుట్టిల్లు విజయనగరం వైపు పల్లె. "మేక తోలు పల్చగా గీకి, రెండేపులా రంగులేసి, తెర ఎనకాల దీపం ఎట్టీవోరు. తెల్లార్లూ రామాయణం. మజ్జిలో జనం తూగుతుంటే కేతిగాడు, బంగారక్క వచ్చి తన్నుకునీవోరు. ఇదీ అదే. రాముణ్ణి తీసేసి కేతిగాణ్ణి ఒక్కణ్ణే ఉంచేరు." యానిమేషన్ మీద పుస్తకాలు ఉన్నాయి. ఆ చివరి రెండు వాక్యాల్లో మామ్మ చెప్పినంత స్పష్టంగా వాటిలో ఉందో లేదో నాకు సందేహమే.

ఆవిడ లెక్కలో ఎస్వీ రంగారావు ఎందుకున్నాడో కూడా అప్పుడే అర్థమైంది. 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడిగా వేసిన ఆయన ముందు లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి దూకుతాయి. కెమెరా దగ్గర మార్కస్ బార్ట్లీ చేసిన మాయ అది. మామ్మకి అదే మొదటి కార్టూన్. పొపాయి నోట్లోకి పాలకూర ఎగిరితే ఆవిడ ఎందుకు చప్పట్లు కొట్టిందంటే, ఆ విద్య ఆవిడ ముందే చూసింది. అదీ లడ్డూలతో. తర్వాత 2008లో హైదరాబాద్‌లో రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ నుంచి ఛోటా భీమ్ వచ్చాడు. వాడికి బలం కావాలంటే లడ్డూ తింటాడు. తెలుగు గడ్డ మీద తయారైన వీరుడు ఆకుకూర తినడం కల్ల. ఈ సంగతి 1990లోనే తేలి ఉంటే నా చొక్కా బతికేది.

మామ్మ భీమ్‌ని చూడకుండానే వెళ్ళిపోయింది. పెంకుటిల్లు తీసేసి మేడ కట్టాం. నాకో కూతురు పుట్టింది. దాని పేరు చెప్పను, అది ఊరుకోదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. అదీ ఆదివారమే, మా బొమ్మల రోజు. గాలి ఊరి మీంచి నడిచి వెళ్ళాక చెట్లు లేవు, స్తంభాలు లేవు, కరెంటు లేదు. రోజుల తరబడి లేదు. రాత్రయితే మేడలో పిల్లలందరూ మా హాల్లోకి చేరేవారు. రెండో రాత్రి నా కూతురు చీకట్లో నల్లటి టీవీ ముందు కూర్చుని, "నాన్నా, భీమ్ ఎక్కడున్నాడు ఇప్పుడు?" అని అడిగింది. కరెంటాఫీసు బయట లైన్లో ఉన్నాడని చెప్పాను.

కొవ్వొత్తి వెలిగించి, గోడకి దగ్గరగా దుప్పటి పరిచాం. చేతులతో పిల్లి చేశాను. వేళ్ళు మడిచి ఎలక చేశాను. పిల్లిని ఎలకతో తన్నించాను. ఫిడేలు నోటితోనే వాయించాను. స్కాట్ బ్రాడ్లీ వింటే కేసు పెట్టేవాడు. పిల్లలు నవ్వారు గానీ ముందు వరసలోని ఒకడు, "బొమ్మ సరిగ్గా రావట్లేదు, కొంచెం పక్కకి తిప్పండి" అన్నాడు. నాకు తెలీకుండానే నా కళ్ళు పైకప్పు వైపు వెళ్ళాయి. కాంక్రీటు. ఫరవాలేదు.

అప్పుడు మూలన కుర్చీలో ఉన్న కలాసీ బాబాయి లేచాడు. డెబ్బై దాటాయి. బస్తాలు మానేసి చాలా ఏళ్ళయింది. సొరకాయలు ఎండి పొట్లకాయలయ్యాయి. మెల్లగా వచ్చి, కొవ్వొత్తికి బాగా దగ్గరగా చెయ్యి పెట్టి, పిడికిలి బిగించి మడిచాడు. గోడ మీద నీడ లేచింది. ఇంత లావు. గోడ కింద నుంచి పైకప్పు దాకా చెయ్యే. పిల్లలు "ఛోటా భీమ్!" అని అరిచారు. బాబాయి తల అడ్డంగా ఊపి, "బొప్పాయి బాబు" అన్నాడు.

ఎవరా బొప్పాయి అంటే మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. పుట్టినరోజు, పాలపొడి డబ్బా, రెండు గోళీలు. మూడు కొండలు, ఏంటెన్నా, షేర్ ఖాన్. కాలు దగ్గరికి వచ్చేసరికి బాబాయి నీడతో కాలు వేలాడదీశాడు, నేను ఫెళ్ళుమనిపించాను, పిల్లలు పడీ పడీ నవ్వారు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. మూడోసారి నవ్వాక నా కూతురు మాత్రం ఆగి, కాసేపు ఆలోచించి అడిగింది.

"నాన్నా, కన్నం నీ షేపులో పడిందా?"

ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఒక్క క్షణం తటపటాయించి, "పడింది" అన్నాను.

అది నమ్మలేదు. ఆ రోజు అక్కడున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు కదా, ఆయన వైపు తిరిగింది. బాబాయి నా వైపు చూశాడు. కొవ్వొత్తి వెలుగులో ఒక కన్ను మూశాడు.

"అవును నానా. అయిదేళ్ళతో సహా. పెంకులు కప్పడానికి నాకే మనసు ఒప్పలేదు."